మడమ ముందున్న కాలు

నాకు మోకాలి నొప్పి మొదలైనప్పుడు మా ఇంట్లో అందరూ డాక్టర్లైపోయారు. అప్పుడు తొమ్మిదో తరగతిలో ఉన్నాను. ఖోఖోలో నన్ను ముట్టుకోవడం మా స్కూల్లో ఎవరి తరమూ అయ్యేది కాదు, అందుకని ఇది ఆటలో తగిలిన దెబ్బే అన్నారు ఆటల మాస్టారు. ఎదిగే పిల్లకు ఎముకలు గుంజుతాయి అంది నానమ్మ. పాలు తాగదు, కాల్షియం ఎక్కడినుంచి వస్తుంది అంది అమ్మ. డాడీకి ప్రపంచంలో ఏ నొప్పికైనా ఒకటే మందు, బామ్. ఎవరి వైద్యం వాళ్ళది, రుద్దించుకుని ఏడ్చేది మాత్రం నేను.

మాది చిలకలగూడ. డాడీ రైల్వే పార్సిల్ ఆఫీసులో పని చేస్తాడు. అమ్మ ముందుగదిలో మిషన్ వేసుకుని బ్లౌజులు కుడుతుంది. నానమ్మ ఇంటికి పెద్ద. ఆమె ఒప్పుకోకపోతే మా ఇంట్లో సాయంత్రం కూర కూడా మారదు. అందుకే ఎడమ మోకాలి పైన వాపు కనిపించగానే, ఆమె చెప్పినట్టే శివార్లలో నాటు కట్టు కట్టే ఆయన దగ్గరికి వెళ్ళాం. ఆయన వాపును వేళ్ళతో నొక్కి, నరం పక్కకు జరిగిందని, గుడ్డు సొన, మినప్పిండి పట్టించి వెదురు బద్దలతో కట్టు కట్టాడు. ఆ వాసనకు క్లాసులో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. నాకు అసలే కోపం ఎక్కువ. ఆ వారమంతా కనిపించిన ప్రతివాళ్ళతో గొడవ పడ్డాను. కట్టు విప్పాక చూస్తే వాపు దిగలేదు సరికదా, ఇంకా గట్టిపడి ఉంది.

అప్పుడు బేగంపేటలో ఒక ఎముకల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన ఎక్స్‌రే తీయించి వెలుతురుకు పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు జెర బయట కూర్చో బేటా" అన్నాడు. నొప్పి నాది, ఫోటో నా ఎముకది, బయట కూర్చోవాల్సింది మాత్రం నేనేనా అని ఒళ్ళు మండింది. అయినా వెళ్ళి కూర్చున్నాను. ఆ రోజునుంచి చాలాకాలం ఇంట్లో ఏ మాటొచ్చినా నన్ను బయట కూర్చోబెట్టడమే అయింది.

ఇన్ఫెక్షన్ అని చెప్పారు. ఎముకలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. దాని జవాబు వచ్చిన రోజు డాడీ ఆఫీసుకు వెళ్ళలేదు, అమ్మ మిషన్ తొక్కలేదు, నానమ్మ నాతో అసలు పోట్లాడలేదు. దాన్నిబట్టే ఏదో పెద్దదే అయిందని తెలిసింది, కానీ ఏమిటో తెలియలేదు. పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ వార్డు ముందు మూడు భాషల్లో పెద్ద బోర్డు ఉంది, పిల్లల క్యాన్సర్ విభాగమని. డాడీ గబగబా వెళ్ళి దానికి అడ్డంగా నిలబడ్డాడు. మా డాడీ పొట్టివాడు, బోర్డు ఆయన తల పైన ఉంది. నేను తెలుగులోనూ చదివాను, ఇంగ్లీషులోనూ చదివాను. చదవనట్టు ముఖం పెట్టాను. "ఈ వార్డుల ఏసీ మంచిగుంటదని ఇటు తీస్కున్నం" అంది అమ్మ. నేను సరే అన్నాను. నేను చదివానని వాళ్ళకు తెలుసు, వాళ్ళకు తెలుసని నాకు తెలుసు. అయినా అందరం కలిసి ఆ ఏసీ గురించే మాట్లాడుకున్నాం.

ఆ అబద్ధాన్ని తెంపింది పిల్లల డాక్టరమ్మ. వచ్చి నా మంచం మీదే కూర్చుంది.

"మీవాళ్ళు నీకేం చెప్పారు?"

"ఇన్ఫెక్షన్ అని."

"నువ్వేమనుకుంటున్నావు?"

"బోర్డు చదివాను మేడమ్."

ఆమె చిన్నగా నవ్వి, డాడీ వైపు చూసి, తర్వాత నాకు అంతా చెప్పింది. దాని పేరు ఆస్టియోసార్కోమా. ఎముకలోనే పుట్టే క్యాన్సర్, అరుదుగా వస్తుంది. వస్తే ఎక్కువగా ఎముకలు జోరుగా పెరిగే నా ఈడు పిల్లలకే, అందులోనూ మోకాలి దగ్గరే వస్తుంది. ముందు మందులు ఎక్కిస్తారు, తర్వాత ఆపరేషన్, ఆ తర్వాత మళ్ళీ మందులు. నాకెందుకు వచ్చింది అని అడిగాను. తెలియదంది. ఆటవల్ల కాదు, పాలు తాగకపోవడంవల్ల కాదు, ఎవరివల్లా కాదంది. అది విని అందరూ ఊపిరి పీల్చుకున్నారు గానీ నాకు మాత్రం ఇంకా అయోమయమైపోయింది. కారణమంటూ ఒకటుంటే దానిమీదో, ఎవరో ఒకరిమీదో కోపం తెచ్చుకునేదాన్ని. నాకది బాగా వచ్చు.

మందులు ఎక్కించిన రోజుల గురించి ఎక్కువ చెప్పను. జుట్టు దిండు మీద ఉండిపోయేది. నోరంతా పుండ్లు. పోపు వాసన వస్తే కడుపులో తిప్పేది, అందుకని ఇంట్లో తాలింపు మానేశారు. చప్పిడి పప్పు తింటూ నానమ్మ ఒక్కమాట అనలేదు. అది చూసి భయపడ్డాను.

మందుల తర్వాత ఆపరేషన్ చేసే సర్జన్ మమ్మల్ని పిలిచారు. ఆయనది గుంటూరు వైపు మాట, నెమ్మదిగా చెప్పే మనిషి. ఈసారి నన్ను బయట కూర్చోమనలేదు.

"మూడు దారులున్నాయమ్మా," అన్నారు. "ఒకటి, తొడ దగ్గర కాలు తీసేయడం. రెండు, జబ్బున్న ఎముక తీసేసి లోపల లోహపు కీలు పెట్టడం. బయటికి కాలు కాలులాగే కనిపిస్తుంది. కాకపోతే రక్తనాళాలు గడ్డకి బాగా దగ్గరగా ఉన్నాయి. వాటిని కాపాడాలంటే గడ్డ అంచు దాకా వెళ్ళి కొయ్యాలి, ఎక్కడన్నా కాస్త మిగిలిపోతుందేమోనని నా భయం. పైగా పరుగులు, ఆటలు ఉండవు. మళ్ళీ మళ్ళీ ఆపరేషన్లు పడతాయి."

మూడోది చెప్పడానికి ఆయన తన చేతులే వాడారు. మోకాలి చుట్టూ ఉన్న భాగమంతా విశాలంగా తీసేస్తారట. కింద పిక్క, పాదం, వాటికి వెళ్ళే నరం బాగానే ఉన్నాయి కాబట్టి వాటిని పారేయరు. రక్తనాళాలను మళ్ళీ కలిపి, ఆ కింది భాగాన్ని పైకి తెచ్చి, వెనక్కి తిప్పి, తొడ ఎముకకు అతికిస్తారు. చీలమండ వచ్చి మోకాలి చోట ఉంటుంది. మడమ ముందుకు, వేళ్ళు వెనక్కి. ఆ పాదానికి కింద కృత్రిమ కాలు తొడుక్కోవాలి. చీలమండే మోకాలిలా వంగుతుంది.

"నా సలహా ఇదే. దీంతో పరిగెత్తొచ్చు కూడా," అన్నారు.

"సరే సార్," అన్నాడు డాడీ. ఆయన ఆఫీసర్లు ఏం చెప్పినా అదే అంటాడు. అమ్మ మాత్రం, "ఎనక్కా?" అంది. సర్జన్ గారు మళ్ళీ మొదటినుంచి చెప్పారు. అమ్మ మళ్ళీ, "ఎనక్కా సార్?" అంది.

ఇంటికొచ్చి నానమ్మకు చెప్పడానికి డాడీ నానా తంటాలు పడ్డాడు. విషయం అర్థమైన మరుక్షణం ఆమె లేచి నిలబడింది.

"దయ్యానికుంటయిరా గట్ల కాళ్ళు! నా మనవరాలికి దయ్యం కాళ్ళు పెడ్తరా? ఏం మనుషులురా మీరు? ఆ ఇనుపదేదో ఏస్తమన్నరు గద, గదే ఎయ్యుమను!"

నవ్వొస్తుంది గానీ, ఆ గదిలో ఎవరం నవ్వలేదు. దయ్యాన్ని ఎలా గుర్తుపట్టాలో నాకు చిన్నప్పుడు నేర్పింది ఆమే. మనిషిలాగే ఉంటుంది, మాట్లాడుతుంది, నవ్వుతుంది, పాదాలు మాత్రం వెనక్కి ఉంటాయి. మా గల్లీలో కరెంటు పోతే పిల్లలం ముందు ఒకరి కాళ్ళు ఒకరం చూసుకునేవాళ్ళం, తర్వాతే ఆట. డాడీ బీకాం చదివాడు. అయినా నానమ్మ ఆ మాట అనగానే ఆయన ముఖం మారడం నేను చూశాను. నేను సైన్సులో మంచి మార్కులు తెచ్చుకునేదాన్ని. నేనూ లోలోపల జడుసుకున్నాను. నమ్మకం లేదు, భయం మాత్రం ఉంది.

రెండు రోజులు ఇంట్లో అదే రభస. మూడోనాడు అమ్మే దారి కనిపెట్టింది.

"అసలు తిప్పుడెందుకు? నాకు సమజ్ కాలేదు," అంది డాడీతో. "ముక్క తీసినంక కిందిది పైకి తెస్తరు గద. తిప్పకుంటనే అతికియ్యమని అడుగుదం. వేళ్ళు ముందుకే ఉంటయి, చూసెటోళ్ళకు సుత మంచిగుంటది. అత్తమ్మ కూడా ఊకుంటది."

ఇంత తేలికైన సంగతి మనకు ముందే ఎందుకు తట్టలేదు అనుకున్నారు అందరూ. నానమ్మ, "గట్లయితే నాకేం లేదు" అని ఒప్పుకుంది. డాడీ సర్జన్ గారిని అడుగుతానని మాటిచ్చాడు. ఆ రోజు మా ఇంట్లో పండగలా ఉంది. నానమ్మ నాకోసం సర్వపిండి చేసింది, నోటి పుండ్లతోనే సగం తిన్నాను. చదువుకున్న డాక్టర్‌కు ఈ ఆలోచన రాకుండా ఉంటుందా అని ఎవరం అనుకోలేదు. అనుకోవాలని లేదు మాకు.

అమ్మకు ఏదైనా నోటితో చెప్పడం రాదు, కుట్టి చూపించాలి. బ్లౌజుకు మెడ ఎలా కావాలన్నా బొమ్మ గీస్తే అర్థం కాదంటుంది, గుడ్డముక్క మడిచి చూపిస్తే చాలంటుంది. సర్జన్ గారికి చూపించడానికి ఒక కాలు కుట్టడం మొదలుపెట్టింది. నా పాత లెగ్గింగ్ ఒకటి తీసి, లోపల కట్ పీసులు కుక్కింది. ఎముకకు అట్టముక్క చుట్టి పెట్టింది. కీళ్ళ దగ్గర గుడ్డ వదులుగా వదిలింది. చీలమండ దగ్గర పాదం పైకి మాత్రమే మడిచేలా కుచ్చు పెట్టింది. నేను పక్కన పడుకుని చూస్తున్నాను. సుద్దతో గీతలు గీసి, మోకాలి ముక్కను కత్తిరించేసి, పాదమున్న ముక్కను పైకి తెచ్చి, వేళ్ళు ముందుకే ఉంచి టాకాలు వేసింది. కిందికి చాచిన ఆ పాదానికి కృత్రిమ కాలు బదులు ఒక అట్ట గొట్టం తొడిగింది. నిజంగా బాగుంది. కాలులాగే ఉంది.

"ఇగ కూసోపెడ్త చూడు," అని దాన్ని కుర్చీ అంచున పెట్టి వంచింది.

అట్ట గొట్టం లేచి ముందుకు వచ్చింది. కూర్చుంటే కింద ఉండాల్సిన కాలు నేరుగా ముఖం మీదికి వచ్చింది. అమ్మ మళ్ళీ వంచింది. మళ్ళీ అంతే. నాకు నవ్వాగలేదు. ఆ నెలల్లో అంతగా నవ్వింది అప్పుడే. అమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే తన పాదాన్ని చాపి, పైకి మడిచి, దించి చూసుకుంది. మోకాలు వెనక్కి వంగుతుంది, పాదం ముందుకు వంగుతుంది. పుట్టినప్పటినుంచీ ఉన్న కాళ్ళే, ఆ సంగతి మాలో ఎవరం గమనించలేదు.

తర్వాత ఆమె నవ్వు ఆగిపోయింది. కత్తెర మొనతో టాకాలు ఒక్కొక్కటే విప్పింది. పాదాన్ని వెనక్కి తిప్పి మళ్ళీ టాకాలు వేసింది. మడమ ముందుకు వచ్చింది. కుర్చీలో పెట్టి వంచితే అట్ట గొట్టం బుద్ధిగా వెనక్కి వంగి కిందికి దిగింది. ఆ గుడ్డ కాలు కుర్చీలో మనిషిలా కూర్చుంది. అమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. ఎందుకు తిప్పాలో నాకు పూర్తిగా అర్థమైంది. అర్థం కానప్పటికంటే ఎక్కువ భయమేసింది.

నానమ్మ వచ్చి దాన్ని చూసింది. "అయితే తిప్పుడే అంటరు," అంది. అమ్మ తలూపింది. "ఈ ఇంట్ల గది జరిగితే నేనుండ," అని బ్యాగులో చీరెలు పెట్టుకుని ఏ.ఎస్. రావు నగర్‌లో ఉన్న తన చెల్లెలింటికి బయల్దేరింది. డాడీ ఆటో దాకా వెంటపడి బతిమాలాడు. ఆమె ఎక్కి కూర్చుని ముఖం అటు తిప్పుకుంది.

తిరిగొచ్చి డాడీ నా మంచం దగ్గర నిలబడ్డాడు. "నువ్వేమంటవు బేటా? కాలు నీది," అన్నాడు. మా ఇంట్లో అంతవరకూ నన్ను పప్పా చారా అని కూడా ఎవరూ అడగలేదు. మొదటిసారి అడిగింది ఇదా! పొద్దున లోహపు కీలు అనేదాన్ని. చుడీదార్ వేసుకుంటే ఎవరికీ తెలియదు, నానమ్మ తిరిగొస్తుంది. మధ్యాహ్నానికి సర్జన్ గారి మాట గుర్తొచ్చి, తిప్పించుకుంటాను అనేదాన్ని. సాయంత్రం అద్దం ముందు నిలబడి నా రెండు పాదాలూ చూసుకుని, ఏదీ వద్దు, నా కాలు నాకు కావాలి అని ఏడ్చేదాన్ని. తిప్పించుకుంటాను అన్నది నిజంగా అనుకునేనా, వదిలి వెళ్ళిపోయిన నానమ్మ మీద కోపంతోనా అన్నది నాకే తెలిసేది కాదు. పెద్దవాళ్ళంతా కలిసి ఏదో ఒకటి తేల్చి చావొచ్చు కదా అనిపించేది.

సర్జన్ గారు చివరికి నాతో ఒక్కదానితోనే మాట్లాడారు.

"ఏం కావాలమ్మా నీకు?"

"తెలీదు సార్. నిజంగా తెలీదు."

"పోనీ, అన్నిటికంటే నీకు దేని భయం ఎక్కువ?"

దయ్యం కాళ్ళు అందామనుకున్నాను. నోటికి వచ్చింది మాత్రం వేరు. "ఇది మళ్ళీ రావడం," అన్నాను.

"నాకూ అదే," అన్నారాయన. "అయితే తిప్పండి సార్," అన్నాను. అన్నాక ధైర్యమేమీ రాలేదు.

ఆపరేషన్ తర్వాత మెలకువ వచ్చి దుప్పటి వైపు చూస్తే ఎడమ వైపు ఎత్తు సగంలోనే ఆగిపోయింది. నర్సు వేళ్ళు కదపమంది. ఎక్కడో కింద, మంచం చివర ఉన్న పాదాన్ని కదిపాననుకున్నాను. దుప్పటి మధ్యలో కదిలింది. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నా వేళ్ళే, నేను చెప్పినట్టే కదిలాయి, కానీ నేననుకున్న చోట కాదు. ఆ గందరగోళం చాలాకాలం పోలేదు. గాయం మాని, మందులు కూడా అయిపోయి, కృత్రిమ కాలు తొడిగాక వ్యాయామం చేయించే ఆయన మోకాలు వంచమంటే నాకేమీ జరిగేది కాదు. "మోకాలు మర్చిపోమ్మా, వేళ్ళు పైకెత్తు" అంటే వంగేది. నిటారుగా నిలబడాలంటే వేళ్ళు కిందికి చాచాలి. మెట్టు ఎక్కేముందు నిలబడి ఆలోచించేదాన్ని. ఇప్పుడు కాలేజీ అయిపోయి ఉద్యోగానికి మెట్రోలో వెళ్ళి వస్తున్నాను, మెట్ల దగ్గర ఆలోచన లేదు. కానీ కలలో పరిగెత్తినప్పుడు నా రెండు మోకాళ్ళూ పాతవే ఉంటాయి. లేచి చూసుకుని, ఏది నాదో కాసేపు తెలియక పడుకుంటాను.

ఆపరేషన్ అప్పుడు నానమ్మ ఆసుపత్రికి రాలేదు. నేను ఇంటికి వచ్చాక, ఒక మధ్యాహ్నం ఆటో దిగింది. చిక్కిపోయి ఉంది. నా మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. తిన్నావా అంది, జుట్టు మళ్ళీ వస్తదిలే అంది, వాళ్ళ చెల్లెలి కోడలి గురించి ఏదో చెప్పింది. అంతసేపూ నా ముఖమే చూసింది. కళ్ళు మెడ కిందికి దిగకుండా జాగ్రత్తపడుతోంది. నాకు కోపం నషాళానికి అంటింది.

"ఎందుకు చూస్తలేవు? చూడు. నువ్వన్నయే, దయ్యం కాళ్ళే," అని దుప్పటి లాగేశాను.

"ఏయ్!" అంది అమ్మ మిషన్ దగ్గరినుంచి.

నానమ్మ చూసింది. నల్లబడిన కుట్ల గుర్తులు, వాచిన పిక్క, ముందుకు ఉన్న మడమ. కోపానికి నా వేళ్ళు వాటంతటవే ముడుచుకున్నాయి. ఆమె ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. చెయ్యి మెల్లగా ముందుకు చాపి మడమ మీద వేసింది. వేళ్ళకోసం అలవాటుగా ముందువైపు తడిమింది. అక్కడ లేవు. చెయ్యి చుట్టూ తిప్పి వెనకనుంచి వాటిని పట్టుకుని, చిన్నప్పుడు స్నానం చేయించాక చేసినట్టు ఒక్కొక్క వేలూ నొక్కింది.

"సల్లగైనయి," అంది. "నొప్పి అయితుందా?"

"లేదు."

ఆమె చెయ్యి నా వేళ్ళను వదల్లేదు.

"నేను ఆడుంటే కన్ను మూతవడలేదు బిడ్డా. దయ్యమైతే దయ్యమే తియ్యి. ఇంట్ల తిరుగు, నా కండ్ల ముంగట తిరుగు. నాకు గంతే చాలు."

ఆపరేషన్ అప్పుడు గానీ, కట్లు విప్పినప్పుడు గానీ రాని ఏడుపు నాకు అప్పుడు వచ్చింది. నానమ్మ ఊరుకోమనలేదు. నా పాదాన్ని ఒళ్ళోకి తీసుకుని, చలి పెడుతుందని కొంగుతో కప్పి, రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.